నఫీసా మంత్రసానితనం

మనవడు పుట్టిన ఏడో రోజు పొద్దున్నే నఫీసా వంటింట్లో కూర్చుని వేయించిన శనగలు పొట్లాలు కడుతోంది. కోడలు ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న కాగితాన్ని ఆ శనగల కిందే పరిచింది. అంతకు మించిన పనికి అది పనికొస్తుందని ఆవిడ అనుకోలేదు మరి! ఈజిప్టులోని ఆ బెనీ సువైఫ్ ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని తను. బిడ్డ భూమ్మీద పడగానే చూసి "మగపిల్లాడు!" అని కేకేసింది కూడా. నిన్నగాక మొన్న చదువు ముగించిన ఓ డాక్టరు పిల్ల "ఆడో మగో ఇప్పుడే చెప్పలేం, రక్తపరీక్ష ఫలితం రావాలి" అంటుందా?

ముందుగదిలో బల్ల మీద నీలం రిబ్బన్లు చుట్టిన కొమ్ముకూజా పెట్టించింది. మగపిల్లాడికి పెట్టేది అదే. ఆడపిల్లకైతే కొమ్ము లేనిది పెడతారు.

రబాబ్ బిడ్డనెత్తుకుని గుమ్మంలోకొచ్చింది. నఫీసాకు తమ్ముడి కూతురే, ఏరి కోరి చేసుకున్న కోడలు.

"అత్తయ్యా, ఆ కూజా తీసేయండి. ఫలితం వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దంది డాక్టరమ్మ."

"నా కళ్లకేమన్నా పొరలు కమ్మాయిటే? ఆవిడగారు పుట్టకముందు నుంచీ పురుళ్లు పోస్తున్నా!"

"పొద్దుట్నుంచి మూడుసార్లు కక్కుకుంది. పాలు నిలవట్లేదు."

"దిష్టి! నువ్వు ఆస్పత్రుల చుట్టూ తిప్పితే తగలదూ? ఏడోనాటి తంతు కానీ, అదే సర్దుకుంటుంది."

రబాబ్ మొగుడి వైపు చూసింది. హమ్దీ వెంటనే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అమ్మకీ పెళ్లానికీ మధ్య నిలబడాల్సి వచ్చినప్పుడల్లా ఆ మహానుభావుడికి చెప్పులు కనబడవు.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. నఫీసా చెల్లెలు ఇన్షిరాహ్ అందరికంటే ముందే దిగింది. పరాయి ఇంటి గుట్టు చెవిన పడకపోతే ఆవిడకి రొట్టె సయించదు.

"ఇంతకీ పిల్లాడేనా అక్కా? వీధిలో ఏదేదో అనుకుంటున్నారు. నేను నమ్మలేదనుకో!"

"అనుకునే నోళ్లలో ఇంత మట్టి కొట్టు!"

బిడ్డను జల్లెడలో పడుకోబెట్టారు. ఇంటి నిండా ఉప్పు చల్లారు. నఫీసా ఇత్తడి రోలు బిడ్డ చెవి పక్కన పెట్టి, రోకలితో ఠంగుమనిపించింది.

"అమ్మ మాట వినకు! నాయనమ్మ మాట విను!"

అందరూ నవ్వారు. బిడ్డ ఉలిక్కిపడలేదు.

మళ్లీ కొట్టింది. ఉహూఁ. కళ్లు కూడా తెరవలేదు.

"ఎంత బుద్ధిమంతుడో!" అంది ఇన్షిరాహ్, నోట్లో శనగలు వేసుకుంటూ.

నఫీసా చేతిలో రోకలి ఆగిపోయింది. ఆ మోతకు గుక్కపెట్టి ఏడవని బిడ్డను ఇన్నేళ్లలో ఆవిడ చూళ్లేదు. వంగి మాడు తడిమింది, లోపలికి గుంట పడి ఉంది. పాదాలు చల్లగా ఉన్నాయి.

"ఒరేయ్ హమ్దీ! చెప్పులూ లేదూ ఏమీ లేదు, పరిగెత్తు! టాక్సీ తే!"

ఆస్పత్రిలో బిడ్డకు సూది గుచ్చి, సెలైన్ ఎక్కించారు. గంట దాటాక ఆ డాక్టరు పిల్ల, నెవీన్, బయటికొచ్చింది.

"గండం గడిచింది. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదు. ఫలితాలు కూడా వచ్చాయి. లోపల గర్భసంచి ఉంది, క్రోమోజోములు ఆడపిల్లవే. మూత్రపిండాల మీదుండే గ్రంథిలో పుట్టుకతోనే లోపం. అది మగలక్షణాలిచ్చే రసం ఎక్కువ చేస్తోంది, అందుకే పైకి అలా కనబడుతోంది. ఒంట్లో ఉప్పును మాత్రం నిలపలేకపోతోంది."

ఇల్లంతా ఉప్పు చల్లి వచ్చారు, బిడ్డ ఒంట్లో ఉప్పు లేదట.  అయినా నఫీసా పెత్తనం వదల్లేదు.

"అయితే కోతేదో కోసి, ఇవాళే సరిచేసి పంపండి. నలుగురికీ మొహం చూపించాలి."

"నలుగురికీ జబ్బు లేదు కదమ్మా! ప్రాణానికి కావాల్సింది మందు, జీవితాంతం. కత్తికి తొందరేం లేదు. పెద్దయ్యాక తననే అడుగుదాం." ఆగి అడిగింది నెవీన్. "మీ ఇంట్లో ఇలా వాంతులై చనిపోయిన పసిపిల్లలున్నారా?"

నఫీసా గోడకు ఆనుకుంది.

"షౌకీ," అంది. "నా తొలిచూలు. పన్నెండో రోజు పోయాడు. ఇలాగే... పైకి ఇలాగే ఉండేవాడు. నేనే చూశాను, నేనే మగపిల్లాడన్నాను. దిష్టన్నాను. యాభై ఏళ్లుగా వీధంతా నన్ను షౌకీ అమ్మా అనే పిలుస్తోంది. వాడు... ఆడపిల్లా తల్లీ?"

"ఇప్పుడు ఖాయంగా చెప్పలేం. కావచ్చు."

"ఈ చేతుల్తోనే కడిగి సాగనంపాను. ఛీ! ఇదీ నా మంత్రసానితనం!" నఫీసా బావురుమంది. కొడుకని ఏడ్చిందే గానీ, కూతురి కోసం ఒక్క కన్నీటి చుక్కయినా కార్చలేదే తను ఇన్నాళ్లూ!

రబాబ్ పొద్దుట్నుంచీ కడుపులో కుక్కుకున్నదంతా అనేద్దామని లేచింది. అత్త మొహం చూసి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

ఫోన్ మోగింది. ఇన్షిరాహ్! "అక్కా, ఏమన్నారు? పిల్లాడా, పిల్లా?"

"బతికింది," అంది నఫీసా. "బతికిందా లేదా అని నీ నోటికి రాలేదు చూశావా? ఇందాకటిదాకా నాదీ అలాంటి నోరే. పెట్టేయ్!"

తలముసుగు కొంగుతో మొహం తుడుచుకుని కోడలి వైపు తిరిగింది.

"మందు రోజుకి ఎన్నిసార్లన్నారే రబాబ్? నాకూ నేర్పు. ఈసారి నీ మాట వింటాను."