మొక్కు లేని నడక

చౌడేశ్వరి నాన్న నాగప్పకు అలగడం సరిగ్గా చేతకాదు. అలిగిన మనిషి మాట మానేసి ఊరుకోవాలి గదా. ఈయన కూతురితో మానేసి, సీలింగ్ ఫ్యానుతో మొదలుపెట్టాడు.

"కాఫీలో చక్కెర తక్కువుండాది," అని పైకి చూసి చెబుతాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. చౌడేశ్వరి లేచి చక్కెర వేస్తుంది. ఆ పూటకు ఆ ఇంట్లో కబుర్లు అయిపోయినట్టే.

అలకకు కారణం హిమాలయాలు. మే నెలలో గైడు వెంట మంచుకొండలెక్కే ట్రెక్కింగుకు చౌడేశ్వరి పేరిచ్చేసింది. అమ్మ పోయాక ఆ ఇంట్లో మిక్సీ చప్పుడే పెద్ద సందడి. నందికొట్కూరు నుంచి కర్నూలుకు బస్సు, కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ఉద్యోగం, మళ్లీ బస్సు. ఎందుకు పోతున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర జవాబు తయారుగా ఉంది. ఎవరూ అడగలేదు.

కొత్త బూట్లు ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలనీ, వీపున బరువుతో రోజూ నడవాలనీ గైడు ఫోనులో చెప్పాడు. ఆమె బ్యాగు నిండా జొన్నలు పోసుకుని, తెల్లారగానే ఆత్మకూరు రోడ్డు పట్టింది.

అవి ఉగాది ముందు రోజులు. కర్ణాటక నుంచి శ్రీశైలానికి నడిచిపోయే భక్తులతో రోడ్డంతా నిండి ఉంది. వాళ్లకోసం వేసిన ఒక మజ్జిగ పందిరి కింద నుంచి, ఆమె కూడా కర్ణాటక మనిషే అనుకుని, గ్లాసు పట్టుకుని ఒకతను ఎదురొచ్చాడు.

"బన్ని అక్కా, మజ్జిగె కుడీరి."

ఎదురొచ్చిన మజ్జిగను కాదనే అలవాటు ఆమెకు లేదు. తాగింది. అంతలో అతని చూపు ఆమె కాళ్ల మీద పడింది.

"ఏందక్కా ఇది? మల్లయ్య కాడికి బూట్లేసుకోని పోతాండావా?" కోపంలో కన్నడం మర్చిపోయాడు.

"నేను శ్రీశైలం పోవడంలేదప్పా. హిమాలయాలకు పోతాండా."

అతను రోడ్డు చివరిదాకా చూశాడు. "ఈ రోడ్డునా?"

"ఇది ప్రాక్టీసు."

"బ్యాగులో ఏముండాది?"

"జొన్నలు."

"చూసినావా. మొక్కుబడే."

అతని పేరు ఉమామహేశ్వర. ఊళ్లో డ్రిప్పు పైపుల షాపు. మరుసటి రోజు ఆమె గ్లాసులో మాత్రం కరివేపాకు, అల్లం ఎక్కువ పడ్డాయి. వాదన కూడా ఎక్కువైంది.

"మొక్కు లేకుండా కొండ ఎవరెక్కుతారు? నిజం చెప్పు, ఏం మొక్కుకున్నావ్?"

"మజ్జిగ పోసేవాళ్లు నోరు తగ్గించాలని."

ఉగాది శుభాకాంక్షలు పంపుతానని ఫోన్ నంబరు తీసుకున్నాడు. ఆ రోడ్డు మీద నడక తగ్గి, నిలబడి మాట్లాడటం ఎక్కువైందని గైడుకు తెలిస్తే తిట్టేవాడే.

పండగ ముందు రోజు అతను వేళాకోళం పక్కనపెట్టి అడిగాడు. "సరే, మొక్కు లేదు. మరెందుకు పోతాండావ్?"

తయారుగా ఉన్న జవాబు ఆమె నోటికి రాలేదు. వేరేది వచ్చింది.

"మా ఇంట్లో ఇద్దరముండాం. ఇద్దరికీ మాటల్లేవు. ఆ కొండల మీద మాటల్లేకున్నా ఎవరికీ బాధ ఉండదు గదా."

అతను చాలాసేపు గ్లాసులు కడిగాడు. కడిగినవే మళ్లీ కడిగాడు.

"పోవద్దు చౌడేశ్వరీ. ఆడ ఊపిరాడదంట. ఆ చలికి నువ్వు తట్టుకోలేవు."

"వద్దనేదానికి నాకు మా నాన్న ఒకడు చాలు," అని ఆమె మజ్జిగ తాగకుండానే వెళ్లిపోయింది.

పండగ శుభాకాంక్షలు రాలేదు. ఆమె రోడ్డు మార్చేసింది. ఆ ఆదివారం బస్సెక్కి ఓర్వకల్లు రాళ్ల గుట్టలకు వెళ్లింది. జొన్నలు మోస్తూ పైదాకా ఎక్కింది. పైన గాలి తప్ప ఎవరూ లేరు. ఫోటో తీసుకుంది. ఎవరికి పంపాలో తోచలేదు. పోయి రా అని చెప్పే మనిషి ఒక్కరుంటే బాగుండుననిపించింది. ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, ఎవరైనా చూశారా అని చూస్తూ కూర్చుంది. ఒక్కరు చూశారు. నాన్నేమో అనుకుంది. పేరు చూస్తే ఉమామహేశ్వర.

ఎండెక్కాక ఆమె దిగివచ్చి బస్సు కోసం నిలబడి ఉంటే, అతను బండి దిగాడు. తల నిండా దుమ్ము.

"ఎందుకొచ్చినావ్?"

"పనుండి."

"ఈ రాళ్లతోనా?"

అతను నవ్వలేదు. "పందిరి పీకేసినాక గూడా పొద్దున్నే ఆడికి పోయి నిలబడతాండా. పొద్దున వాకింగుకు శానామందే వస్తారు. నువ్వు రావు."

"మా ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరప్పా. నాకుండేది నీ పందిరి కాడ ఆ కాసేపే. నువ్వు గూడా వద్దంటివి. ఇంక నేను ఎవరికి చెప్పి పోవాల?"

కర్నూలు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఇద్దర్నీ ఎగాదిగా చూసి రైట్ అన్నాడు. బస్సు పోయింది. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"నాకు చెప్పి పో," అన్నాడు ఉమామహేశ్వర. "ఆ చలి, ఊపిరాడకపోవడం, అంతా యూట్యూబులో చూసి చెప్పినా. నువ్వు పోతే నాకు తోచదని చెప్పడానికి నోరు రాలే." బండి తాళంచెవి జేబులో వేసుకుని ఆమె వైపు తిరిగాడు. "భయపడింది నేను. ఆ భయాన్ని తీసుకొచ్చి నీ మీద పెట్టినా. తప్పు నాదే చౌడేశ్వరీ."