గట్టిపడని కాంక్రీటు

"డ్యామ్ నాలుగో పిల్లర్. మేస్త్రీల్లో ఒకడు శత్రువు మనిషి. పిల్లర్ పేలితే కింద ఊరంతా కొట్టుకుపోతుంది. వాణ్ణి పట్టుకో," అంది పై అధికారి రెనాటా.

అసైన్‌మెంట్ అంతే. మెక్సికో సీక్రెట్ సర్వీస్ ఏజెంట్ ఉస్కాంగా మర్నాడే తాపీ పట్టాడు. దొంగ పేరు, సిమెంటు మరకల చొక్కా, టిఫిన్ డబ్బా అడుగున ట్రాన్స్‌మిటర్. నీటి కోతకు పెచ్చులూడిన పిల్లర్లకు రిపేర్లు చేసే ముఠాలో చేరిపోయాడు. రెనాటా అదే సైట్‌లో ఇంజనీరు వేషంలో ఉంది. ఆమె నల్ల కళ్లద్దాలు ఎటు తిరిగితే అటు పని చేసే ప్రతి చెయ్యీ ఒక్క క్షణం ఆగేది.

ముఠా మేస్త్రీ మెలితోన్ కొత్తవాడికి తన ఇంట్లోనే మంచం వేయించాడు. ఆ ఏడు మేస్త్రీల సిలువ పండుగలో నిలబెట్టే సిలువకు అతన్నే జ్ఞానతండ్రిగా ఎంచుకుని, 'కంపాద్రే' అని వరస కలిపాడు. అతని అన్నం తింటూ అతని మీదే రిపోర్టులు పంపడం ఉస్కాంగాకు సిగ్గుగానే ఉండేది. అయినా పంపేవాడు.

మే నెలలో సిలువ పండుగ వచ్చింది. మేస్త్రీలంతా సైట్‌లో పూలూ రంగు కాగితాలూ కట్టిన సిలువ నిలబెట్టి, భోజనాల ఏర్పాట్లలో పడ్డారు. ఉస్కాంగా మాత్రం పిల్లర్ల మీద ఓ కన్నేసి ఉంచాడు. నాలుగో పిల్లర్ దగ్గర మిక్సర్ తిరుగుతోంది. పక్కన ఎవరూ లేరు. మెలితోన్ అటూ ఇటూ చూసి, సంచిలోంచి తెల్లటి పొడి అందులో గుమ్మరించి గబగబా వెళ్లిపోయాడు.

ఉస్కాంగా టిఫిన్ డబ్బా తెరిచి ట్రాన్స్‌మిటర్‌లో సంకేతం పంపాడు. "మామిడి పండింది."

"కోసెయ్," అంది రెనాటా.

భోజనాల దగ్గర మెలితోన్ భార్య కోయింతా గొణుగుతోంది. "ఇంట్లో పంచదార అంతా ఏ దెయ్యం ఎత్తుకుపోయిందో. ఈ జమైకా పూల షర్బత్ ఎవడు తాగుతాడు?" అది గోంగూర కంటే పుల్లగా ఉంది. ఇంతలో మఫ్టీలో ఉన్న మనుషులు వచ్చి, సిలువ ముందే, భార్యాబిడ్డలు చూస్తుండగానే మెలితోన్‌కు బేడీలు వేశారు.

"నువ్వేనా, కంపాద్రే?" అన్నాడు మెలితోన్.

ఉస్కాంగా తల ఎత్తలేకపోయాడు. "ఆ పొడి ఏంటి?"

"పంచదార."

"పంచదారా? ఎందుకు?"

"ఇంజనీరమ్మ తెచ్చిన పరాయోళ్లు ఇద్దరున్నారే, ఇవాళ సిమెంటు పోస్తున్నారు. సిలువ పండగనాడు తాపీ ముట్టే మేస్త్రీని ఎక్కడన్నా చూశావా? ఒళ్లు మండింది. పంచదార పడితే కాంక్రీటు గట్టిపడదు. రేపు వాళ్లే తవ్వుకు చస్తారని పోశా."

ఇన్నాళ్లూ మేస్త్రీ వేషం వేసుకున్నాడు గానీ, పండగనాడు మిక్సర్ ఎందుకు తిరుగుతోందని ఉస్కాంగాకు తట్టనే లేదు. రెనాటా కోసం చూశాడు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. దూరంగా జీపు దుమ్ము లేపుకుంటూ పోతోంది. శత్రువు మనిషి ఆమే. అందరి కళ్లూ మెలితోన్ మీద ఉండాలనే ఆమె అరెస్టు చేయించింది.

"ఆ జీపు ఆపండి," అని అరిచి పిల్లర్ వైపు పరుగెత్తాడు.

నీటి అంచున కొత్త అతుకుకు చెక్కలు బిగించి ఉన్నాయి. ఊడబెరికాడు. అక్కడ వాడేది త్వరగా బిగిసే సిమెంటు, ఈపాటికి గునపానికి కూడా లొంగకూడదు. కానీ అది ఇంకా బురదలాగే ఉంది. మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపల పాతిన బాంబు లాగాడు. టైమర్ సున్నాకు చేరబోతుండగా వైరు తెంపాడు.

రెనాటా జీపు వంతెన దగ్గర చిక్కింది. సిమెంటుకు కాలిన వేళ్లతో మెలితోన్ బేడీలు తనే విప్పాడు ఉస్కాంగా. క్షమించమని అడగబోయాడు.

మెలితోన్ మణికట్లు రుద్దుకున్నాడు. "కూర్చో. వరస కలిపాక తిండి పెట్టకుండా పంపితే మాకు సిగ్గు."

కోయింతా పెద్ద గ్లాసు నిండా షర్బత్ పోసి ముందు పెట్టింది. "ఊరిని కాపాడిన పంచదార ఇందులో కలపాల్సింది. తాగు."

ఉస్కాంగా మొహం చిట్లించకుండా చివరి చుక్క దాకా తాగాడు. ఆమె మళ్లీ నింపింది.