ఎదురు కరెంటు

శాస్త్రవేత్తను ల్యాబ్ గుమ్మంలోనే కాల్చి చంపారు. అంత్యక్రియలు ముగించుకొచ్చి బట్టలైనా మార్చుకోకముందే తమ్ముడికి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. తమ్ముడు గూఢచారి.

చీఫ్ నేరుగా బ్రీఫింగ్‌లోకి దిగాడు. హంతకులు ఎత్తుకుపోయిన పరికరంలో అన్న తయారుచేసిన టెల్లూరియం క్రిస్టల్ ఉంది. దానిలోకి కరెంటు పంపితే, అందులోంచి సాగే లేజర్ కాంతి కంపించే దిశ ఒక పక్కకు తిరుగుతుంది. కరెంటును ఎదురు తిప్పితే రెండో పక్కకు. అది ఇన్‌ఫ్రారెడ్ కాంతి, కంటికి కనబడదు. సముద్రంలో మాటువేసిన విదేశీ ముఠా పడవ మాత్రం దాన్ని చదవగలదు. కుడికి తిరిగితే రేవులోని చమురు ట్యాంకులు పేల్చేయమని. ఎడమకైతే వెనక్కి పొమ్మని. కాంతి ఆగిపోయినా పేల్చేస్తారు.

“సిగ్నల్ ఈ సాయంత్రమే, రేవు పక్క హోటల్ పై అంతస్తు నుంచి. పరికరం దగ్గరున్నది మీ వదిన,” అన్నాడు చీఫ్. “రెండేళ్ళ కిందట మనమే ఆమెను ముఠాలోకి పంపాం. ఇప్పుడు కబురే లేదు. అమ్ముడుపోయింది. కనబడితే కాల్చెయ్.”

తల్లి పోయాక అతన్ని కన్నకొడుకులా సాకిన మనిషి ఆమె. కానీ భర్త కడచూపుకైనా రాలేదు. అతని మనసు రాయయింది.

లిఫ్ట్ మెకానిక్ వేషంలో ఆ హోటల్ పై అంతస్తుకు చేరాడు. కాపలావాణ్ణి స్పానర్‌తో పడగొట్టి, చప్పుడు లేకుండా తలుపు తీశాడు. విందుకు వెళ్ళేదానిలా ముస్తాబైన వదిన, కిటికీ దగ్గరి పరికరం మీదికి చెయ్యి చాపుతోంది. చెయ్యి తీసెయ్యమన్నాడు. ఆమె తియ్యలేదు. తుపాకీ పేల్చాడు.

ఆమె గోడకు ఆనుకుని జారిపోయింది. అతను తీగలు మార్చబోయాడు.

“ముట్టుకోకు నాన్నా. నేనెప్పుడో తీగలు అటువి ఇటు మార్చేశాను. ఒకటి వదులైంది, బిగిద్దామనుకున్నా.”

“అన్నని చంపుతుంటే ఏం చేశావ్?”

“చూస్తూ నిలబడ్డాను. ఏడిస్తే నన్నూ చంపేవాళ్ళు. ఈ తీగలు ఎవరు మారుస్తారు?”

సిగ్నల్ వెళ్ళడానికి పరికరంలో పెట్టిన టైమర్‌లో సెకన్లు కరిగిపోతున్నాయి. ఆమె చెప్పింది అబద్ధమైతే రేవులో పనిచేసే వేలమంది బూడిదవుతారు. నిజమైతే, అతను తీగలు మార్చినా అదే గతి. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తీగలను ఉన్నట్టే ఉంచి, వదులుగా ఉన్నదాన్ని బిగించాడు.

టైమర్ టిక్కుమని ఆగింది. గదిలో ఏమీ మారలేదు. కాసేపటికి దూరాన పడవ మెల్లగా ముఖం తిప్పుకుని, తీర రక్షకులు కాచుకున్న దారినే వెనుదిరిగింది.

“వెళ్ళిందా?”

“వెళ్ళింది వదినా.”

“మీ అన్నని సాగనంపేటప్పుడు... కళ్ళజోడు తీసేశారా? అది లేకపోతే ఆయనకి ఏమీ తోచదు.”

“తియ్యలేదు,” అని అబద్ధం చెప్పాడు.

ఆమె నిమ్మళంగా కళ్ళు మూసుకుంది.

ఆఫీసు ఫైల్లో ఆమె పేరు పక్కన ‘ద్రోహి’ అన్న మాట ఇంకా అలాగే ఉంది. కొట్టేయమని అతను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: నిబంధన ప్రకారం ఆమే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలట.