సగం నెత్తురు

అమావాస్య మిట్టమధ్యాహ్నం... ప్రేతాత్మలు సంచరించే వేళ! తెలంగాణ కోసం ఊరంతా బంద్. నిత్యం కిటకిటలాడే ఎల్బీ నగర్ చౌరస్తాలో నరసంచారం లేదు. కారుమబ్బులు కమ్ముకుని, పట్టపగలే గుడ్లగూబ కూసింది!

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ ఇంటి పెరట్లో, రేకుల షెడ్డులో, మాంత్రికుడు లచ్చయ్య కపాలానికి కుంకుమ పూస్తున్నాడు. ఎదురుగా అండాలమ్మ. నల్లగొండ మనిషి. కొడుకు జగన్ కోస్తా పిల్ల అలేఖ్యను కట్టుకుని ఏడేళ్ళయినా ఆమె మనసు ఒప్పుకోలేదు. ఉద్యమం నెపం మాత్రమే, ఆ విషం ఆమె సొంతం.

“గా ఆంధ్ర నెత్తురు నా ఇంట్ల ఉండొద్దు!” అంది.

ఆ మాట ఎవరెవరికి తగులుతుందో ఆలోచించలేదు, పిచ్చి మనిషి.

కోడి గొంతు తెగింది. కపాలం కళ్ళలో అగ్నిజ్వాలలు! మరుక్షణం ఇంట్లోంచి కెవ్వుమని కేక... కోడలిది కాదు. ఆరేళ్ళ మనవరాలు సౌజన్యది!

అండాలమ్మ పరుగెత్తింది. పసిదాని కళ్ళు తేలిపోయాయి, ముక్కు వెంట రక్తం...

“అత్తయ్యా, పాపకేమైందో చూడండి!” అలేఖ్య గుండెలు బాదుకుంటోంది.

“ఆపు లచ్చయ్యా! నేను జెప్పింది కోడలి సంగతి!”

వెనకే వచ్చిన లచ్చయ్య వికటంగా నవ్వాడు. “నువ్వు నెత్తురన్నవ్. పిల్ల ఒంట్ల సగం గదే గద! ముందుగాల బిడ్డ, ఎన్క తల్లి... పట్టింది ఇగ ఇడువదు!”

అండాలమ్మ కోడలి కాళ్ళ మీద పడి అంతా చెప్పేసింది. అలేఖ్యకు తిట్టే వ్యవధి కూడా లేదు.

“తర్వాత ఏడుద్దురుగాని, ముందు మీ అమ్మవారిని పిలవండి!”

అత్త పోచమ్మ పేర కుండలో అన్నం, వేపాకు పెట్టింది. అదే కుండలో కోడలు తన నూకాలమ్మకు చలిమిడి పెట్టింది. రెండు మొక్కులు ఒక్క కుండలో పడటం ఆ ఇంట్లో అదే మొదలు.

దిక్కులు పిక్కటిల్లే ఉరుము! పసిపిల్ల దిగ్గున లేచి నిలబడింది. ఆ గొంతు దానిది కాదు...

“ఒక్క బిడ్డను రెండు ముక్కలు జేస్తవారా!”

పెరట్లో కపాలం భళ్ళున పగిలింది. అందులోంచి ఎగసిన మంట ఇంట్లోకి దూసుకొచ్చి లచ్చయ్యను చుట్టేసింది. ఒక్క ఆర్తనాదం... తర్వాత బూడిదే మిగిలింది.

అమ్మవారు అండాలమ్మ వైపు తిరిగింది. “బిడ్డను ఇడిశిపెడ్త. నువ్వేమిస్తవ్?”

“నా పానం దీస్కో తల్లీ!”

“పానం వద్దు. బిడ్డ యాదిలకెళ్లి నిన్ను దీస్కపోత.”

అండాలమ్మ కుమిలిపోతూ తలూపింది.

సౌజన్య కళ్ళు తెరిచింది. నాయనమ్మ పక్కలో తప్ప నిద్రపోని పిల్ల, బెదురుగా తల్లిని కరుచుకుంది.

“అమ్మా... ఈవిడెవరు?”

అలేఖ్యకు అత్త మీద కోపం ఉంది. అయినా ఏడుపు ఆగలేదు. “మీ నాయనమ్మే తల్లీ” అంది.

పిల్ల నమ్మలేదు. అండాలమ్మ చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.

“చెప్పకు బిడ్డా, బుగులుపడ్తది. నేను బయట కూసుంట” అని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.