మూత తీయని చేతులు

మూత తీసే ముందు పిట్ట వరండాలోకి తొంగి చూసింది. ఎవరూ లేరు. భోజనాలు ముగించి క్లాసులో మిగతా పిల్లలంతా గ్రౌండులో ఆడుకుంటున్నారు.

సైన్స్ గదిలో మూల బల్ల మీద గుడ్లు పొదిగే పెట్టె ఉంది. లోపల బల్బు వెలుగులో కోడిగుడ్లు వెచ్చగా పడుకున్నాయి. వాటిలో ఒకదానికి పొద్దున్నే చిన్న పగులు వచ్చింది. "ఇక కోడిపిల్లలు బయటికొచ్చి ఒళ్లు ఆరేదాకా ఎవ్వరూ మూత తీయకూడదు," అని సైన్స్ టీచర్ గట్టిగా చెప్పి, మూత మీద ఎర్ర టేపు అంటించారు.

పిట్ట అసలు పేరు క్లాసులో ఎవరూ వాడరు. పిచ్చుక కనపడితే చాలు, బడికి పోతున్న సంగతే మర్చిపోతుంది. అందుకే ఆ పేరు. ఈ పెట్టె వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ గంతులేసింది కూడా తనే.

"ఒక్కసారే," అనుకుంటూ టేపు మెల్లగా ఊడదీసింది.

పగిలిన గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంది. లోపల్నుంచి "కిచ్" అని వినిపించింది! పిట్ట సంతోషం పట్టలేక తనూ "కిచ్" అంది. లోపలిది మళ్లీ పలికింది. అలా ఇద్దరూ కబుర్లలో ఉండగానే బెల్ మోగింది. గుడ్డు లోపల పెట్టి, మూత మూసి, టేపు అంటించి పరుగు తీసింది. టేపు వంకరగా అంటుకుంది. ఆ తొందరలో అది చూసుకోలేదు.

సైన్స్ పీరియడ్ మొదలవగానే టీచర్ పెట్టె దగ్గర ఆగిపోయారు. ముందు టేపు చూశారు. తర్వాత పెట్టె అద్దం చూశారు. ఎప్పుడూ ఆవిరితో మసకగా ఉండే అద్దం ఇప్పుడు తళతళలాడుతోంది.

"మూత ఎవరు తీశారు?"

టీచర్ క్లాసంతా కలయజూశారు.

"లోపలి తేమంతా పోయింది. పెంకు కింద పల్చని పొర ఉంటుంది. అది ఎండితే పిల్లకి బిగుసుకుపోతుంది. ఇక దానికి కదలడం, బయటికి రావడం కుదరదు. చెప్పండి, ఎవరు?"

పిట్ట చేతులు రెండూ బల్ల కిందికి దాచుకుంది.

"ఇవాళ నీళ్ల డ్యూటీ చిటపటది టీచర్," అన్నాడు వెనక బెంచీ అబ్బాయి.

చిటపట అంటే కిటికీ పక్కన కూర్చునే పిల్లాడు. ప్రతిదానికీ చిటపటలాడతాడని ఆ పేరు పెట్టారు.

"వాడికి కోళ్లంటే పడదు టీచర్. మొన్న వాడే అన్నాడు!" అంది ఇంకో అమ్మాయి.

అనడం నిజమే. చిన్నప్పుడు ఒక పుంజు వెంటపడి వాడి కాలు పొడిచిందట.

"నేను తీయలేదు. తేమ కోసం పక్కనున్న గొట్టంలోంచి నీళ్లు పోశాను, అంతే," అన్నాడు చిటపట.

"మరి ఎవరు తీస్తారు? పిట్ట తీస్తుందా?" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి.

అందరూ గొల్లుమన్నారు. పిట్ట కూడా నవ్వింది. ఆ నవ్వు ఎలా వచ్చిందో తనకే తెలియలేదు.

"నువ్వేమైనా చూశావా?" అని టీచర్ పిట్టని అడిగారు.

"లేదు టీచర్."

"సరే. ఎవరో తేలేదాకా నీళ్ల పని నువ్వు చూడు."

చిటపట లేచి, నీళ్ల మగ్గు తెచ్చి పిట్ట ముందు పెట్టాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. కానీ విసుక్కోలేదు. అందుకే పిట్టకి ఇంకా ఎక్కువ భయమేసింది.

సాయంత్రం బడి వదిలాక పిట్ట మగ్గు పట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్లింది. పగిలిన గుడ్డులో చప్పుడు లేదు. మెల్లగా "కిచ్" అంది. జవాబు రాలేదు.

"చల్లటి నీళ్లు పోస్తావేమో, చూసుకో!"

గుమ్మంలో చిటపట, బ్యాగు వీపున వేసుకుని నిలబడి ఉన్నాడు.

"గోరువెచ్చగా ఉండాలి. చల్లటివి పోస్తే లోపల వేడి తగ్గుతుంది. టీచర్ చెప్పారుగా. ఎప్పుడూ వినవు!"

"నీకు కోళ్లంటే చిరాకు కదా?" అంది పిట్ట.

"చిరాకే. నన్ను పొడిచింది వేరే కోడి. పెట్టెలో ఉన్నవి నన్నేం చేశాయి? అయినా డ్యూటీ నాది కదా." వాడు బ్యాగు పైకి జరుపుకున్నాడు. "అంటే, మధ్యాహ్నం దాకా నాదే," అని వెళ్లిపోయాడు.

పిట్ట స్టాఫ్ రూమ్‌లో వేడినీళ్లు అడిగి తెచ్చుకుంది. చల్లటి నీళ్లు కలిపి, వేలు ముంచి చూసి పోసింది. సగం నీళ్లు బల్ల మీద ఒలికిపోయాయి.

రాత్రి ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చుంది. ఏమైందని అమ్మ అడిగింది.

"పెట్టె మూత ఎవరో తీశారమ్మా. చిటపట తీశాడంటున్నారు."

"వాళ్లంతా అంటున్నారు సరే. నువ్వేమంటున్నావు?"

పిట్ట కంచం తీసుకుని లేచింది. అమ్మ మళ్లీ అడగలేదు. అడిగితే బాగుండేది.

మర్నాడు పొద్దున సైన్స్ గదిలో టీచర్ హాజరు వేయకముందే పిట్ట లేచి నిలబడింది.

"టీచర్, మూత తీసింది నేను."

"ఊరుకోవే! నీకు కోళ్లంటే ప్రాణం కదా!" అంది పక్కనున్న అమ్మాయి.

"ప్రాణమే. అందుకే చూడాలనిపించి తీశాను. పిల్లకి ఏమవుతుందో ఆలోచించలేదు. మీరు అడిగితే లేదని అబద్ధం చెప్పాను టీచర్."

టీచర్ హాజరు పట్టీ మూశారు. చిటపట వైపు చూశారు. పిట్ట మగ్గు తీసుకెళ్లి వాడి బల్ల మీద పెట్టింది.

"సారీ."

"నిన్న అందరితో పాటు నువ్వు కూడా నవ్వావు," అన్నాడు వాడు.

"అవును."

వాడు మగ్గుని తన వైపు లాక్కుని, చేతిలోకి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పెట్టెలోంచి సన్నగా "కిచ్" అని వినిపించింది.

అందరూ బల్ల చుట్టూ మూగారు. పగిలిన గుడ్డు కొద్దిగా కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.

"మనం పొర చింపితే రక్తం వస్తుంది. దానంతట అదే రావాలి," అన్నారు టీచర్. "మూతకి ఎవరైనా కాపలా ఉండాలి."

"నేను ఉంటాను టీచర్," అంది పిట్ట.

ఎవరో కిసుక్కుమన్నారు. టీచర్ సందేహంగా చూశారు.

"ఉండనివ్వండి టీచర్. పిట్టకి కాపలా నేనుంటాను," అన్నాడు చిటపట.

పిట్ట పెట్టె ముందు కుర్చీ వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. గుడ్డులోని పిల్ల ఒకసారి పెంకుని పొడుస్తుంది, చాలాసేపు ఊరుకుంటుంది. అది ఊరుకున్నప్పుడల్లా పిట్ట అద్దానికి ఇంకాస్త దగ్గరగా వంగుతుంది. తేమ పట్టి అద్దం మళ్లీ మసకబారింది.

మధ్యాహ్నానికి పెంకు విడిపోయింది. తడిసిన దారం ఉండలా ఒక పిల్ల బయటికి దొర్లింది. లేవబోయి పడింది. అలాగే ఉండిపోయింది.

"అయ్యో పాపం! మూత తీయవే పిట్టా, ఒక్కసారే!" అన్నారు అందరూ.

పిట్టకి కళ్లనిండా నీళ్లు వచ్చాయి.

"తీయను. ఇంకా ఆరలేదు."

చిటపట గొట్టంలోకి గోరువెచ్చని నీళ్లు పోస్తూ లోపలికి చూశాడు.

"అబ్బ, లేచింది! నన్నే చూస్తోంది. పొడిస్తే మాత్రం ఊరుకోను," అని సణిగాడు. తర్వాత పిట్ట వైపు తిరిగాడు. "చేతులు తిమ్మిరెక్కలేదా?"

"ఎక్కాయి."

"మరి చేతులు తీయొచ్చుగా?"

"పిల్లని ఆరనీ," అంది పిట్ట. చేతులు తొడల కింద ఇంకాస్త లోపలికి జరుపుకుంది.