కోత పండగ గుమ్మడికాయ

"ఈవిడ ఏంజెలిన్. పక్కనున్నది మీ ఆయన."

దేవీప్రసాద్ ఏ విషయమైనా ఇంతే చెబుతాడు, మందు చీటీ చదివినట్టు. హుకుంపేట సంత పక్కన ఆపిన 'ఉచిత కంటి పరీక్షలు' వ్యాన్ అతనిది. లోపల ఎవరి కళ్లూ పరీక్షించరు. అది ఢిల్లీ నిఘావాళ్ల మొబైల్ కంట్రోల్ రూమ్. అతని ఎదురుగా కూర్చున్న సుజానా ఊరందరికీ, కట్టుకున్నవాడికి కూడా, బీమా ఏజెంటు. సగం నిజమే, ఏజెంటే.

సుజానా ఫొటో చేతిలోకి తీసుకుంది. ఆమె మొదట చూసింది ఏంజెలిన్ సిల్కు స్కార్ఫునీ కాదు, మొగుడు విల్సన్ పళ్లికిలింపునీ కాదు. వాళ్లిద్దరి చేతుల మధ్యనున్న గుమ్మడికాయని. దాని మీద అడ్డంగా ఒక గాటుంది. పిందెగా ఉన్నప్పుడు తన కొడవలి తగిలి పడిన గాటు. కోత పండక్కి దేవుడికిద్దామని ఆకులు కప్పి మరీ కాపాడుకున్న కాయ. మొన్న పాదు దగ్గర అది కనబడక అడిగితే విల్సన్ తాపీగా చెప్పాడు, "అడవిపందులు తినేసినాయే" అని.

పందులట. ఆమె గుండెల్లో భగ్గుమంది.

"సుజానా, ఆర్ యూ విత్ మీ?"

"యస్ సార్."

బ్రీఫింగ్ సాగింది. ఏంజెలిన్ కాఫీ టేస్టర్ వేషంలో అరకులో దిగింది. నిన్నమొన్నటిదాకా మన డిపార్ట్‌మెంటుకే ఇన్‌ఫార్మర్. ఇప్పుడు డబుల్ ఏజెంట్ అని తేలింది. తూర్పు తీరంలో మన సబ్‌మెరైన్లు తిరిగే దారులన్నీ ఒక మైక్రోచిప్‌లో ఎక్కించి విదేశీ ముఠాకి అమ్మేసింది. చిప్ ఆ గుమ్మడికాయలో ఉంది. రేపు కోత పండక్కి చర్చిలో దాన్ని కానుకగా పెడుతుంది. కానుకల వేలంలో ఎవడో పాడుకుంటాడు. ఒకరితో ఒకరు మాట్లాడకుండానే సరుకు చేతులు మారుతుంది.

"చిప్ ఒక్కటీ దొరికితే చాలదు. అందుకునేవాడు కావాలి. వాడు మిగిలితే మళ్లీ వస్తాడు," అన్నాడు దేవీప్రసాద్. "వేలం పాడుకున్నవాడే రిసీవర్. నా అనుమానం మీ ఆయన మీదే. కన్ఫర్మ్ చెయ్యగలవా?"

"చేస్తాను."

"కోడ్ వర్డ్ ఆమేన్. నీ గొంతులో ఆ మాట వినబడితే మావాళ్లు కదులుతారు. ఒకసారి పట్టుకుంటే వదిలేది లేదు."

చర్చిలో ఆమేన్ అనకుండా కూర్చోవడం ఎంత కష్టమో దేవీప్రసాద్‌కి ఏం తెలుసు? మర్నాడు ప్రార్థన ముగిసినప్పుడల్లా అందరూ ఆమేన్ అంటుంటే సుజానా ఒక్కతే పెదాలు బిగించుకుంది. బుట్టకమ్మలో ఇయర్‌పీస్, బ్రోచ్‌లో మైక్. పక్కనున్న సోములమ్మ రెండుసార్లు చూసింది, మూడోసారి మోచేత్తో పొడిచింది.

"ఏటే, నోరు పెగల్లేదేటి? దేవుడితో తగువేటి?"

"పంటి నొప్పి అత్తా."

తగువు దేవుడితో కాదు. మగవాళ్ల వైపు ముందు వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నవాడితో. గుమ్మలక్ష్మీపురంలో రాగులు బేరమాడాలని చెప్పి రెండు రోజులు పోయి, ఒంటినిండా సెంటు వాసనతో తిరిగొచ్చినవాడితో. ఏంజెలిన్ లేత పసుపు చీరలో వయ్యారంగా వచ్చి గుమ్మడికాయని బల్ల మీద పెట్టింది. విల్సన్ కళ్లు కాయతోపాటే వెళ్లి చీర దగ్గర ఆగిపోయాయి. పెళ్లినాడు కూడా నన్నిలా చూడలేదు కదా అనుకుంది సుజానా.

ఆరాధన అయ్యాక చర్చి ముందు ఎండలో వేలం మొదలైంది. సంఘపెద్ద సువార్తరావు కాయని పైకెత్తాడు.

"మొదటి కానుక. మన పద్ధతి తెలిసిందే గదా, పాడండి."

ఆ పద్ధతిని అక్కడ ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పరు. మొదటి కానుక పాడుకున్నవాళ్లు డబ్బు కట్టి, కానుకని తిరిగి బల్ల మీదే పెట్టేస్తారు. మళ్లీ పాట. మళ్లీ బల్ల మీదకి. మధ్యాహ్నం భోజనాలదాకా అది ఎవరింటికీ పోదు. పసిపిల్లలకి కూడా తెలుసు.

వెనక నుంచి నీలం స్వెటర్ వేసుకున్న టూరిస్టు ఒకడు చెయ్యెత్తాడు. విల్సన్ చర్రున తిరిగాడు. ఏంజెలిన్ కాయకి వేరే మగాడు పాటపాడటమా? రోషం పొడుచుకొచ్చి రెట్టింపు పాడాడు. నీలం స్వెటర్ పెంచాడు. విల్సన్ ఇంకా పెంచాడు. తన పెరట్లో ఊరికే కాసిన కాయకి తన మొగుడు ఇంత పోటీపడటం సుజానా కళ్లారా చూసింది.

"విల్సన్ పాట," అన్నాడు సువార్తరావు.

విల్సన్ కాయని గుండెలకి హత్తుకుని ఏంజెలిన్ వైపు నవ్వాడు.

"టార్గెట్ చేతిలో ఉంది," కమ్మలో దేవీప్రసాద్ గొంతు. "కన్ఫర్మ్."

సువార్తరావు కానుక మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. ఊరంతా ఆమేన్ అంది.

సుజానా నోరు తెరుచుకుంది. ఒక్క మాట. అంటే ఈ ఇస్త్రీ చొక్కా జన్మలో జైలు దాటి రాదు. దేశం కోసమని చెప్పుకోవచ్చు, కానీ దేశం అప్పుడామెకి గుర్తే లేదు. ఆ నవ్వు కోసం అనాలనిపించింది. నిజంగానే అనాలనిపించింది.

"సుజానా, కన్ఫర్మ్!"

కానీ ఆమె చూపు అతని చేతుల మీదే ఉంది. కాయ పట్టుకెళ్తే దొంగ. తిరిగి పెడితే వట్టి వెర్రివాడు.

విల్సన్ ఇంకాసేపు నవ్వి, చిన్నప్పటి అలవాటు కొద్దీ రెండడుగులు వేసి కాయని బల్ల మీద పెట్టేశాడు. "మల్లీ పాడండి పెద్దయ్యా."

ఏంజెలిన్ ముఖం పాలిపోయింది. ఈ లెక్క ఆమెకెవరూ చెప్పలేదు.

"అతనెందుకు వదిలేశాడు?" దేవీప్రసాద్ అరిచాడు.

"ఆగండి సార్," సుజానా గొణిగింది.

ఈసారి నీలం స్వెటర్ ఒక్కసారే ఆకాశమంత పాడాడు. ఎదురుపాట లేదు. డబ్బు విసిరి, కాయని చంకన పెట్టుకుని చరచరా జీపు వైపు నడిచాడు.

ఊరు నోరెళ్లబెట్టింది.

"అదేటి, దేవుడి కాయ ఎత్తుకుపోతన్నాడు?" అంది సోములమ్మ.

జీపు స్టార్టయింది.

"ఆమేన్," అంది సుజానా, పొద్దుట్నుంచీ దాచుకున్నదంతా కలిపి.

కంటి వ్యాన్ అడ్డం తిరిగింది. కాఫీ తోటలోంచి నలుగురు దూకారు. తొడిమ కింద మైనం పూసిన బిరడా, దాని వెనక చిప్. గేటు దాటబోయిన ఏంజెలిన్ చీర కుచ్చిళ్లని సోములమ్మ ఊరికే తొక్కి నిలబడింది. కానుకలు పాడుతుంటే మధ్యలో లేచిపోకూడదట.

సంకెళ్లతో వెళ్తూ ఏంజెలిన్ విల్సన్‌కేసి కన్నెత్తి అయినా చూడలేదు. సుజానాకి ఆనందం కలగాల్సింది. అతని ముఖం చూస్తే కలగలేదు.

"మీ ఆయన్ని మేం ప్రశ్నించాలి," అన్నాడు దేవీప్రసాద్.

"సాయంత్రం అప్పగిస్తాను. ముందు నాదొక ప్రశ్నుంది సార్."

విల్సన్ చర్చి మెట్ల మీద కూలబడి ఉన్నాడు. బ్రోచ్ తీస్తున్న పెళ్లాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"బీమా కాదా నీది? ఇన్నేళ్లూ నాకు అబద్దం సెప్పినావా?"

అది గుచ్చుకుంది. చిప్ తీసేసిన ఆ గాటున్న గుమ్మడికాయని తెచ్చి అతని ఒళ్లో పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"సెప్పినాను. నా సంగతి తరవాత. పందులు తినేసినాయన్నావు గదా," అంది నెమ్మదిగా. "ఏ పందో సెప్పు."