చివరివాడి గంట

గోల్‌మురి సైకిలు సంఘానికి ఒక పద్ధతి ఉండేది. అది ముందే చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. ప్రతి ఆదివారం తెల్లవారుతుండగా ఏడుగురూ వరసగా డిమ్నా చెరువుకి బయల్దేరేవారు. చలికాలం మంచులో ముందువాడికి వెనకవాడు కనపడడు కదా! అందుకని మలుపు రాగానే ముందున్న నీలకంఠం ఒకసారి గంట కొడితే, వెనకవాళ్లు ఒక్కొక్కరే ఒక్కోసారి కొట్టాలి. చిట్టచివరివాడు మాత్రం రెండుసార్లు. ఆ రెండూ వినపడితే అందరూ ఉన్నట్టు. వినపడకపోతే అందరూ వెనక్కి తిరగాలి.

రెండు వారాల కిందట చివర అసిరయ్య, అతని ముందు శాంతకుమార్. వెనక చక్రం జారిన చప్పుడూ, "కాలిరిగిందిరా... ఆగరా..." అన్న కేకా శాంతకుమార్ విన్నాడు. వెనక్కి తిరిగితే చర్చికి ఆలస్యం. ఆవేళ పాట తనది. మలుపులో తన వంతు ఒకసారి కొట్టి, అసిరయ్య బదులు కూడా తనే రెండుసార్లు కొట్టాడు. వరస సాగిపోయింది. మధ్యాహ్నానికి కాలవలో శవం దొరికింది. ఎండెక్కేదాకా ప్రాణం ఉందట.

ఈ ఆదివారం బయల్దేరేటప్పుడు నీలకంఠం అడిగాడు. "అసిరయ్య గంట పగిలింది కదరా. ఆవేళ అంత చక్కగా మోగిందేటి?"

"కొత్తది బిగించాడన్నా."

"అలాగా? సాయంత్రం అసిరయ్య పెళ్లాం చిలకమ్మ ఇంటికెళ్లి వాడి సైకిలు చూసొద్దాం."

శాంతకుమార్ సైకిలెక్కాడు. చూస్తే తన అబద్ధం బయటపడుతుంది. ఆరుగురి వరసలో ఇప్పుడు చివరివాడు అతనే.

ఉక్కు కార్ఖానా ఫర్నేసు పొగ వాసన పోయి తడిగడ్డి వాసన మొదలైంది. మంచు చిక్కబడింది. వెనక కంకర మీద చక్రం నలిగిన చప్పుడు... తను ఆగితే ఆగింది. తొక్కితే కదిలింది. తరవాత గంట. పగిలిన గంట.

గట్టిగా తొక్కాడు. చైను ఊడింది. కాలవలో పడ్డాడు. మోకాలి కింద ఏదో పుటుక్కుమంది.

"అన్నా! ఆగండన్నా!"

మలుపు దగ్గర గంటలు మొదలయ్యాయి. ఒకటి... రెండు... ఐదు. శాంతకుమార్ లెక్కపెట్టాడు. పర్లేదు. తన గంట మోగదు. వాళ్లు వెనక్కి వస్తారు...

చెవి పక్కనే మోగింది. రెండుసార్లు. తన గంటే.

"చలో!" అన్నాడు దూరంగా నీలకంఠం. చక్రాల చప్పుడు సన్నగిల్లింది.

"చర్చికి ఆలస్యమైపోద్ది కదరా..." అని ఎవరో గుసగుసగా అన్నారు.

తరవాత కాలవలో శాంతకుమార్ సైకిలు దొరికింది. మనిషి దొరకలేదు. హ్యాండిలుకి అతని మెరిసే గంట పోయి పగిలిన గంట ఉంది.

సాయంత్రం నీలకంఠం చిలకమ్మ ఇంటికి వెళ్లాడు. గొళ్లెం పెట్టిన గదిలో మొగుడి సైకిలు చూపించిందామె. హ్యాండిలు మీద గంట మెరుస్తోంది.

"శాంతకుమార్ నిజమే చెప్పాడు, కొత్తదే," అన్నాడు నీలకంఠం.

"కొత్తదేటి బాబూ? నిన్న రాత్రి దాకా పగిలిందే ఉంది."

నీలకంఠం వంగి చూశాడు. మెరిసే గంట మీద ఒక బొటనవేలి ముద్ర... ఇంకా తడిగానే ఉంది.